ఈ రాత్రి డ్యూటీ ఎవరిది

“మీరు కాకపోతే మరెవరండీ? నా దగ్గరున్న షీటులో మీ పేరే ఉంది. అలా నవ్వితే ఎలా డాక్టరుగారూ, ఏడు దాటాక ఫోన్ మోగితే ఎత్తేదెవరు?”

కర్టెన్ల మూట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచుకి, ఫోన్‌లో మాట్లాడుతున్న వదిన చేత్తోనే కూర్చోమని సైగ చేసింది. కూర్చోవడానికి చోటేదీ? నిన్ననే ఇల్లు మారారు. కుర్చీల నిండా అట్టపెట్టెలు, అట్టపెట్టెల మీద గిన్నెలు, గిన్నెల్లో అన్నయ్య చెప్పులు. వదినేమో గోడకి అతుక్కుని నేల మీద కూర్చుంది. ఆమె ఫోన్ బ్యాటరీ ముసలిదైపోయింది. ఛార్జింగ్ వైరు పీకితే చాలు, గుటుక్కుమంటుంది.

“కర్టెన్లు తర్వాత చూద్దాం అమ్మాయ్,” అంది ఫోన్ దించుతూ. “నా కొంప మునిగేట్టుంది.”

ఆడపడుచు మూట కింద పెట్టి, ఒక అట్టపెట్టె మీద బరువు మోపకుండా కూర్చుంది. కుట్టుపని చేసే మనిషి కాబట్టి ఎదుటివాళ్లు చెప్పేదాకా ఓపిగ్గా ఆగడం అలవాటు. కొలతలిచ్చేటప్పుడు ఎవరూ ఊరుకోరు, ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. కానీ వదిన ఇలా వేళ్లు విరుచుకుంటూ మాట్లాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

వదిన పని చేసేది ముగ్గురే డాక్టర్లున్న క్లినిక్‌లో. మూసేశాక వచ్చే ఫోన్లకి ఏ రాత్రి ఏ డాక్టరు పలకాలో ముందే రాసిపెట్టడం ఆమె పని. వినడానికి ఇంతే. కానీ పెద్ద డాక్టరుగారు వరసగా రెండు రాత్రులంటే ముఖం మాడ్చుకుంటారు. పొడుగు డాక్టరు సెలవు రోజొస్తే చాలు, ఊరు దాటేస్తాడు. డాక్టరమ్మకి చంటిపాప. ఈ ముగ్గురినీ ఒక కాగితం మీద సర్దేసరికి, చిన్న దుప్పటి ముగ్గురికి కప్పినట్టు ఎవరి కాళ్లో ఒకరివి బయటే ఉంటాయి. అందుకే వదిన అంతా పెన్సిల్‌తో రాస్తుంది. ఎవరైనా మార్చుకోవాలంటే ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఇద్దరూ వచ్చి ఆమెకి చెప్పాలి. ఒక్కరి మాట మీద రబ్బరు ముట్టుకోదు. పైగా రోజూ సాయంత్రం ఆ రాత్రి డాక్టరుకి ఫోన్ చేసి ఒకటే ప్రశ్న: “మీరేనా అండీ?” డాక్టర్లు ఆమెకి పెట్టిన పేరు కూడా అదే, మీరేనా. ఎదురుగానే అంటారు. వదిన నవ్వి ఊరుకుంటుంది.

ఇల్లు మారడం కోసం రెండు రోజులు సెలవు పెట్టింది. “నేను లేనప్పుడు ఏమీ మార్చుకోకండి, మీకు దణ్ణం పెడతాను,” అని మరీ చెప్పి వచ్చింది.

“విన్నారా? వినలేదు,” అంది వదిన. “ఈ రాత్రి పొడుగాయనది. ఇప్పుడు ఫోన్ చేస్తే, నాది కాదండీ, డాక్టరమ్మకి ఇచ్చేశాను అంటాడు. కార్లో ఉన్నాడు, పెళ్లాం పిల్లలు పాటలు పాడుకుంటున్నారు. ఘాట్ రోడ్డు ఎక్కబోతున్నాడట, ఎక్కితే సిగ్నల్ ఉండదట.”

“మరి డాక్టరమ్మకే చెయ్యి వదినా.”

“చేస్తున్నా.” స్పీకరు పెట్టింది.

డాక్టరమ్మ గొంతు గుసగుసగా వచ్చింది. వెనక పాప ఏడుపు. “పాపకి జ్వరం తగ్గట్లేదండీ, ఆసుపత్రిలో చేర్చాం. నేను నిన్ననే పెద్దాయనకి ఇచ్చేశాను, ఆయన సరేనన్నారు. మీకు చెప్పలేదా?”

“లేదమ్మా.”

“అయ్యో, నేనైనా చెప్పాల్సింది. ఆయనే చూస్తారు లెండి.”

“పాప జాగ్రత్తమ్మా,” అని వదిన ఫోన్ పెట్టేసింది. ఆడపడుచు తేలిగ్గా ఊపిరి తీసుకుంది. వదిన తీసుకోలేదు. పెద్దాయన నంబరు నొక్కింది. స్విచాఫ్.

“డ్యూటీ ఉన్న మనిషి ఫోన్ ఆపుతాడా? డ్యూటీ లేదనుకుంటేనే ఆపుతాడు,” అంది.

లోపలి గదిలోంచి అన్నయ్య మూలిగాడు. బీరువా జరపబోయి నడుం పట్టేసి, చాప మీద బల్లిలా అతుక్కుపోయి ఉన్నాడు. “చెల్లాయ్, నాకెలా ఉందని మీ వదిన పొద్దుట్నుంచి ఒక్కసారి అడిగితే ఒట్టు. నా నడుముకి డ్యూటీ డాక్టరెవరో కనుక్కోమను!”

“మీ నడుముకి వేణ్ణీళ్ల సంచి చాలు, నోరు మూసుకుని పడుకోండి,” అని వదిన కసిరింది.

అప్పుడే ఫోన్ మోగింది. పొడుగు డాక్టరు. ఈసారి నవ్వడం లేదు.

“ఏవండీ, ఒక చిన్న మాట. పెద్దాయన పొద్దున వరండాలో కనబడి, ‘నాకు తగిలిన డ్యూటీ ఒకటి నువ్వు తీసుకోవాలోయ్’ అన్నారు. నేను తప్పకుండా సార్ అన్నాను. అది వచ్చే వారందేమో అనుకున్నా…”

“ఏ రోజని అడగలేదా?”

“ఆయన్ని ఎదురు ప్రశ్న ఎలా వేస్తామండీ?”

వదిన కళ్లు మూసుకుంది. పొడుగాయన డాక్టరమ్మకి, డాక్టరమ్మ పెద్దాయనకి, పెద్దాయన మళ్లీ పొడుగాయనకి. ఒకే రాత్రి గుండ్రంగా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చి కూర్చుంది. ముగ్గురూ ఎవరికో అప్పగించామనే నిశ్చింతలో ఉన్నారు.

“వెనక్కి రాగలరా?” అని అడిగింది.

“వచ్చేసరికి అర్ధరాత్రవుతుంది. తిప్పమంటే తిప్పుతాను, కానీ దారంతా…” మాట ముక్కలైంది. గరగర. తర్వాత అదీ లేదు.

“ఒక్క రాత్రే కదా వదినా, ఎవరూ ఫోన్ చెయ్యకపోవచ్చు,” అంది ఆడపడుచు, తనకే నమ్మకం లేకుండా.

“చేస్తారు. ఒకావిడ కచ్చితంగా చేస్తుంది.” వదిన గొంతు తగ్గించింది. “ఉబ్బసం పిల్లాడు, నాలుగేళ్లుంటాయి. మా క్లినిక్ నుంచి పొద్దున ఇంటికి పంపారని నర్సు చెప్పింది. రాత్రి ఆయాసం వస్తే మందు ఎంత పెంచాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలో ఫోన్‌లో అడగమన్నారు. ఏ క్షణమైనా పలుకుతారమ్మా అని చెప్పి మరీ పంపారు. ఆ తల్లి ఆ మాట పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఫోన్ వెళ్లేదేమో కొండ మీదున్న మనిషికి.”

“పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని ఆవిడకి ఇప్పుడే చెబితే?”

“అది కూడా డాక్టరే చెప్పాలి. నేను చెప్పి, అది తప్పైతే?” వదిన చీర కొంగుతో మెడ తుడుచుకుంది. “ఏడులోపు నర్సుకి నంబరివ్వాలి. ఆ తర్వాత ఆ పిల్ల కూడా క్లినిక్ ఫోన్లని షీటులో ఉన్న నంబరుకే మళ్లించేసి ఇంటికెళ్లిపోతుంది.”

మళ్లీ పెద్దాయన నంబరు. స్విచాఫ్. అన్నయ్య ఫోన్ తెప్పించుకుని దాంతో ప్రయత్నించింది, మనిషి మారితే ఫోన్ కరుణిస్తుందన్నట్టు. స్విచాఫ్. కిటికీకి ఇంకా కర్టెన్ లేదు. బయట ఎండ గోడ దిగి కాలిబాట మీదికి జారుతోంది. ఎదురింటి వాళ్లు అప్పుడే లైటేశారు. ఆ లైటు చూసి వదిన ఉలిక్కిపడింది.

“పెద్దాయన ఇంట్లోనే ఉంటారు. శనివారం మొక్కలకి నీళ్లు పోసుకుంటూ ఉంటారు. ఎవరైనా వెళ్లి పిలిస్తే చాలు. నేనే పరిగెత్తేదాన్ని. ఈ ఫోన్‌కి వైరు తీస్తే నర్సుకీ అందను, పొడుగాయన కొండ మీంచి చేసినా అందను. మీ అన్నయ్య సంగతి చూస్తూనే ఉన్నావు.”

ఆడపడుచు అప్పటికే లేచి నిలబడింది. స్కూటర్ తాళం పిడికిట్లో ఉంది.

“పార్కు వెనక వీధి కదా వదినా? నా దారే.”

“నీలి గేటు. కుక్క ఉంది, అరుస్తుంది గానీ ఏమీ చెయ్యదు, ఆగకు. వాళ్లావిడ బయటికొచ్చి నేను చెబుతాలే అంటుంది. ఆవిడకి చెప్పి వచ్చెయ్యకమ్మా, నీకు పుణ్యముంటుంది. కోప్పడినా పడు. ఆయన ఫోన్ ఆన్ చేసి నీ ముందే నాతో మాట్లాడాలి. అప్పటిదాకా ఆ గుమ్మం వదలకు. వెళ్లు, కర్టెన్లు అక్కడే ఉండనీ, వెళ్లు!”