మంగళవారం వచ్చిన అమావాస్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో సెలవంటే అమావాస్య ఒక్కటే. తిరుత్తణి పక్కన కే.జీ.కండిగైలో మా వీధంతా మగ్గాలే. అమావాస్య నాడు మాత్రం ఏ ఇంట్లోనూ మగ్గం మీద చెయ్యి వేసేవాళ్లు కాదు. ఆ రోజు సోమవారమా శనివారమా అన్నది బడికి పోయే నాకు తప్ప ఎవరికీ పట్టేది కాదు.

పిల్లలూ, అట్లాంటి ఒక అమావాస్యకు మద్రాసు అవతల వండలూరు జంతువుల తోటకు పోదామని మా నాయన అన్నాడు. అది మా తాతయ్య కోసం. ఏళ్ల తరబడి సన్న పోగులు చూసి చూసి ఆయనకు చూపు తగ్గిపోతూ వచ్చింది. ఉన్న చూపు పోయేలోగా ఒక్కసారి సింహాన్ని చూడాలని ఆయన కోరిక. పది రోజులు మా ఇంట్లో ఇంకో మాట లేదు. ఏ బస్సుకు పోవాలి, ఎక్కడ రైలు మారాలి, పులిహోర ఎంత కలపాలి, పూలమొక్కల దగ్గర ఎక్కడ కూర్చొని తినాలి. ఆ రోజుకు చేతిలో పని తెమలాలని నాయన తెల్లవారకముందే మగ్గం గుంతలో దిగేవాడు.

నాలుగు రోజుల ముందు నేను సంబరపడుతూ మా టీచరుకు చెప్పాను. మంగళవారం ఆ తోట మూసి ఉంటుందే అన్నదామె. మా అమావాస్య వచ్చింది మంగళవారమే. ఇంటికొచ్చాక ఆ మాట నోరు దాటి రాలేదు. చెబితే ప్రయాణం ఆగిపోతుంది. వచ్చే అమావాస్యకు ఏం అడ్డం వస్తుందో! ఇంత దూరం నుంచి ముసలాయన వస్తే తెరవకుండా ఉంటారా అని నాకు నేనే చెప్పుకున్నాను.

తిరుత్తణిలో రైలెక్కి, మద్రాసులో ఇంకో రైలు మారి, చేరేసరికి గేటుకు తాళం. కాపలా మనిషి మా సంచులు చూసి జాలిపడ్డాడు. "ఇన్నిక్కి సెవ్వాయ్‌కిళమై, లీవు" అన్నాడు. ఈరోజు మంగళవారం, సెలవని. ఆ అరవం మాట విని నాయన నా వైపు తిరిగాడు.

"ఏం పాపా, బడికి పొయ్యేదానివి, నీకు తెలీదా?"

నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డ తాతయ్యకు నా వణుకు తెలిసినట్టుంది. "దాన్ని అడగొద్దురా. అది నాతో చెప్పింది. నేనే మరిచిపోయినా" అన్నాడు.

"సింహం సింహమని పది దినాలు మా ప్రాణం తీస్తిరే మామా, ఈ మాట మరిచిపోతారా?" అంది అమ్మ.

"వయసైపాయె కదమ్మా" అని ఆయన నవ్వేశాడు.

గోడ పక్క నీడలో కూర్చొని పులిహోర తిన్నాం. అంతలో లోపలెక్కడో సింహం గర్జించింది. తాతయ్య చేతిలో ముద్ద అట్లే ఆగిపోయింది.

తిరుగు రైల్లో ఆయన చెవిలో అంతా చెప్పేశాను. "తెలుసులే పాపా. మీ నాయనకు మాత్రం నువ్వే చెప్పాల. కోపం దిగినాక చెప్పు" అన్నాడు. మర్నాడు చెప్పాను. నాయన నన్ను కొట్టలేదు. పోయి తాతయ్య పక్కన కూర్చున్నాడు.

మళ్లీ దారి ఖర్చులు కూడి అక్కడికి పోయేసరికి చాలా అమావాస్యలు గడిచిపోయాయి. అప్పటికి ఆయన కళ్లు పూర్తిగా పోయాయి. సింహం గడ్డిలో పడుకొని తోక ఆడిస్తోందని నేనే చెప్పాను. దాని రంగు ఏంది అన్నాడు. అద్దకం వెయ్యని పట్టు రంగు తాతా అన్నాను. ఆయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి, పోగును పరీక్షించినట్టు మెల్లగా రుద్దుకున్నాడు. "అట్లనా" అన్నాడు. చూపుండగా సింహాన్ని చూసే అవకాశం నేను పోగొట్టిన సంగతి ఆయన బతికినన్నాళ్లూ ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఈ సెలవులకు వస్తాం అవ్వా, అందరం కలిసి జూకు పోదాం అని మీరు ఫోనులో రోజుకో ప్లాను వేస్తున్నారు. నేను ప్రతి మాటా వింటున్నాను. రాలేకపోతే ఆ మాట దాచుకోకుండా ముందే చెప్పేయండి కన్నా. నేనేమీ అనుకోను. మనవళ్లు రాలేదేమని వీధిలో ఎవరైనా అడిగితే, ఎండలు ఎక్కువని నేనే వద్దన్నానని చెబుతాను.