బండలో నీళ్ల దారి

నా పని వినడానికి విడ్డూరంగా ఉంటుంది. భూమి కింద బండలో నెర్రెలు ఎటు పోతున్నాయో అంచనా కట్టి, కంప్యూటర్లో అలాంటి బండనే తయారుచేసి, అందులో నీళ్లు పారించి చూడటం. పుట్టింది వనపర్తిలో కనుక బండకు కొదవ లేదు.

పెద్దమందడి దగ్గర ఒక అవ్వకు ఎండిపోయిన బోరు, అడుగంటుతున్న బావి ఉన్నాయి. బోరు చుట్టూ గుంత తవ్వి వాననీళ్లు దించితే, అవి నెర్రెల గుండా బావికి చేరతాయని నా లెక్క చెప్పింది. పెద్దవానలు రాకముందే తవ్వాలి. తవ్వాల్సిందేమో పూత మీదున్న పల్లి చేనులో.

"నీళ్లు రాకుంటే చేనూ పాయె, బావీ పాయె. జర సూసి చెప్పు బిడ్డా" అంది అవ్వ.

అందుకే ముందు ఉప్పుతో పరీక్ష పెట్టాం. బోరులో ఉప్పునీళ్లు పోసి, బావిలో ఉప్పు పెరిగితే చెప్పే మీటరు వేలాడదీశాం. వారం పైనే పడుతుందని నా లెక్క. తీరా చూస్తే మర్నాడు పొద్దున్నే మీటరు ఎగిరి కూర్చుంది. నా సంతోషం పట్టరానిది. గట్టు మీదే కూర్చుని, దానికి సరిపడేలా నెర్రెను వెడల్పు చేసేశాను. కంప్యూటర్లో బండ చీల్చడానికి గడ్డపార అక్కర్లేదు కదా.

అవ్వ నా మొహం చూసి మురిసిపోయింది.

"నేను గూడ బావిల దోసెడు ఉప్పు ఏసిన బిడ్డా. గంగమ్మకు ఆడ పెట్టి ఈడ పెట్టకుంటే ఎట్ల?"

ఉప్పు బస్తాలను ఆమె మొక్కు అనుకుంది. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది, నవ్వే గెలిచింది. నెర్రెను మళ్లీ సన్నం చేసి, బావి నీళ్లు తోడించి, మీటరులో అంకె దిగాక ఎదురుచూస్తూ కూర్చున్నాను.

వారం దాటాక అంకె కదిలింది. తొందర లేకుండా, మొదటి లెక్క చెప్పిన తీరుగానే రోజురోజుకూ పెరిగింది. ముందు అవ్వను నిలదీశాను.

"మళ్ల ఏమన్న ఏసినవా?"

"గంగమ్మ తోడు, చిటికెడు గూడ ఎయ్యలె."

"అయితే నీ బోరు నీళ్లు బండలకెల్లి బావికొచ్చినయ్ అవ్వా."

ఆమె బావి మోటారు పైపు కింద దోసిలి పట్టి తాగింది. "ఉప్పగ లేవు గద" అంది. మీటరుకు తెలిసేంత ఉప్పు నాలుకకు తెలియదు. నమ్మలేదేమో అనుకున్నాను.

ఆమె మాత్రం కొంగు నడుముకు దోపి బోరు దగ్గరికి నడిచింది. గుంత ఎంత ఉండాలో నేను కట్టెతో గీశాను. గీత లోపలి పల్లి చెట్లన్నీ తానే పీకింది. పీకి, గీత దాటి ఇంకో వరుస కూడా పీకింది.

"అంత అక్కర్లేదవ్వా" అన్నాను.

"ఉండనీ బిడ్డా. వచ్చేటివి నీళ్లు. ఇరుకుల ఎందుకు నిలబెడ్తం?"