భృతి మానేసిన మడతక్క

ఆమె చొక్కా మడత పెడితే కాలరు తలెత్తుకుని నిలబడేది. అందుకే ఆ నాలుగంతస్తుల భవనంలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ మడతక్కే. భర్త పోయి నాలుగేళ్ళయింది. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక అత్త, ఒక ఇస్త్రీపెట్టె. అదీ ఆమె సంసారం.

ఆ ఇస్త్రీపెట్టె మాత్రం సర్కారు కంట పడకూడదు. సంపాదన లేని ఇల్లని సర్కారు నెలకు తొమ్మిది వందల భృతి, మూడు వందల అద్దె సాయం ఇచ్చేది. అత్త కీళ్ళ మందులు ఉచితం. షరతు ఒకటే: ఇంట్లో ఎవరూ సంపాదించకూడదు. నెలకోసారి, ఏ రోజో చెప్పకుండా, చంకలో ఫైలు పెట్టుకుని తనిఖీ ఆయన దిగేవాడు. మంచం కింద చూసేవాడు, అలమర తెరిచేవాడు, "ఎలా గడుస్తోందమ్మా?" అని అడిగేవాడు, గడిస్తే నేరమన్నట్టు.

పన్నెండు వందలతో నెల గడవదు. ఇరవయ్యో తారీఖుకల్లా వంటింట్లో డబ్బాలు తడితే మోగేవి. అందుకని ఆమె భవనంలోవాళ్ళ చొక్కాలు గుట్టుగా ఇస్త్రీ చేసి నెలకో నూట యాభై రాబట్టేది. మెట్ల మీద బూటు చప్పుడు వినబడితే చాలు, ప్లగ్గు పీకడం, వేడి పెట్టెను బల్ల కిందున్న రేకుపెట్టెలోకి తోయడం, పైన బట్టలు కప్పడం, స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చోవడం, అన్నీ ఒక్క ఊపిరిలో జరిగిపోయేవి.

ఇలాంటివాళ్ళని పెద్దమనుషులు "కూర్చుని తింటున్నారు" అంటారు. ఆ మాట వాళ్ళు కూర్చునే అంటారు. మడతక్క నాలుగేళ్ళూ నిలబడే తిన్నది.

పై అంతస్తులో ఉండే డ్రైవరు ఒక లాండ్రీ బండి నడిపేవాడు. హోటళ్ళ చొక్కాలు, ఆసుపత్రుల దుప్పట్లు మోసే బండి. ఒకరోజు లాండ్రీ యజమానురాలు అతని చొక్కా చూసి ఆగిపోయింది.

"నా దగ్గర జీతం తీసుకుంటూ చొక్కా బయట ఇస్త్రీ చేయిస్తావా? ఎవరిదయ్యా ఆ చెయ్యి?"

అతను చెప్పేశాడు. ఆ సాయంత్రమే మడతక్కకు కబురొచ్చింది. రోజుకు యాభైరెండు, నెలకు ఇరవయ్యారు రోజులు. ముందు ఒకరోజు పని చూస్తారు.

అత్త ఒకప్పుడు కూరగాయల కొట్టు నడిపిన మనిషి. వేళ్ళ కణుపుల మీదే లెక్క తేల్చింది.

"పదమూడొందల యాభైరెండొస్తాయి. బస్సుకి నూట నాలుగు తీసెయ్. నా మందులు ఇక కొనుక్కోవాలి, తొంభై. మిగిలేది పదకొండొందల యాభైఎనిమిది. ఒళ్ళు హూనం చేసుకుని భృతికన్నా నలభైరెండు తక్కువ తెస్తావుటే?"

"దొంగ ఇస్త్రీ డబ్బులు నువ్వు లెక్కలో కలపలేదు అత్తా."

"కలిపితే నీకే నష్టం. నూట తొంభైరెండు తక్కువ!"

కింది అంతస్తు బాబాయి భృతి విద్యలో ఆరితేరినవాడు. ఏ ఫారం ఏ కిటికీ దగ్గర దొరుకుతుందో, ఏ గుమస్తా ఏ వేళకు మెత్తబడతాడో ఆయనకు కొట్టినపిండి. సంగతి తెలిసి మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మాయ్, పని వానలాంటిది. వస్తుంది, పోతుంది. భృతి బావిలాంటిది. బావి పూడ్చుకుని మబ్బుల వంక చూస్తావా?"

"మీ బావిలో మోకాలి లోతు నీళ్ళే బాబాయ్. ఈదడానికీ చాలవు, మునగడానికీ చాలవు."

"మునగవు కదా! నేను చెప్పేదీ అదే."

మడతక్క ఆయనకు టీ ఇచ్చి పంపేసింది. అత్త లెక్క తప్పని ఆమె అనుకోలేదు. ఆ యాభైరెండు దగ్గరే ఏదో తేడా ఉందనిపించింది. పని చూసే రోజున వెళ్ళింది.

లాండ్రీ ఒక పొడుగాటి రేకుల షెడ్డు. ఒకవైపు పీపాల్లాంటి ఉతికే యంత్రాలు, మధ్యలో తోపుడుబళ్ళ మీద తడి దుప్పట్లు, కిటికీల వెంట ఇస్త్రీ బల్లలు. మడతక్క చొక్కా అందుకుంది. ముందు కాలరు లోపలివైపు, కొసల నుంచి మధ్యకు. తరువాత భుజం, చేతులు, వీపు. బొత్తాల వరస చివరికి. గంటలో పద్దెనిమిది చొక్కాలు బుట్టలో పడ్డాయి. పక్క బల్ల దగ్గరున్న కళ్ళజోడు ఆమె పదకొండు పూర్తిచేసి, పెట్టె పక్కన పెట్టి మరీ చూసింది.

"నీది చెయ్యా, యంత్రమా తల్లీ? రోజుకెంతన్నారు?"

"యాభైరెండు."

"అది మడతలు పెట్టేవాళ్ళ రేటు. ఇస్త్రీకి అరవై అయిదు. నాకు అంతే ఇస్తారు. నీకు చెప్పలేదూ?"

తేడా దొరికింది. మడతక్కకు కోపం రావలసింది కానీ, పోయిన వస్తువు దొరికినంత సంతోషమేసింది. యజమానురాలు రాగానే అడగాలని మాటలు కూర్చుకుంటోంది. అప్పుడే షెడ్డు గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. ఒకాయన లోపలికొచ్చాడు. చంకలో ఫైలు.

ఆమె చేతులు ఆమెను అడగలేదు. ప్లగ్గు పీకాయి, కాలే పెట్టెను బల్ల కిందకు తోశాయి, పైన దుప్పటి కప్పాయి. తీరా చూస్తే ఆమె స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఇంట్లో బల్ల కింద ఉండేది రేకుపెట్టె. ఇక్కడ ఉన్నది ఆసుపత్రి దుప్పట్ల బుట్ట.

ముందు వాసన వచ్చింది, తరువాత పొగ. కళ్ళజోడు ఆమె కేక పెట్టింది. ఫైలు ఆయనే పరుగున వచ్చి, గోడకున్న ఎర్ర సిలిండరు లాగి బుట్ట మీద తెల్లటి పొడి కుమ్మరించాడు. ఆయన వచ్చింది మడతక్క కోసం కాదు, షెడ్డులో మంటలార్పే సిలిండర్లు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి.

"పనిచేస్తోంది," అంటూ దగ్గుతూనే ఫైల్లో రాసుకున్నాడు.

కేక విని యజమానురాలు వచ్చింది. పొట్టి మనిషి. మాటకన్నా ముందు చెయ్యి తిప్పుతుంది. "ఏమ్మా, ఇస్త్రీకి వచ్చావా, తగలబెట్టడానికి వచ్చావా?"

మడతక్క లేచి నిలబడింది. అబద్ధం ఏదీ తట్టలేదు, తట్టినా చెప్పేది కాదు. "భృతి మీద బతుకుతున్నానమ్మగారూ. ఫైలు పట్టుకున్న మనిషి కనబడితే పెట్టె దాచెయ్యడం నాలుగేళ్ళ అలవాటు. బుర్ర ఇక్కడికొచ్చింది గాని, చేతులింకా ఇంట్లోనే ఉన్నాయి."

ఎవరో కిసుక్కుమన్నారు. యజమానురాలు కూడా మూతి బిగపట్టుకోవలసి వచ్చింది.

"రెండు దుప్పట్లు పోయాయి."

"మొదటి జీతంలో పట్టుకోండి. కానీ జీతం అరవై అయిదు లెక్కన ఇవ్వండి."

"భలేదానివే! కాల్చినందుకు రేటు పెంచాలా?"

"కాలింది దుప్పటి, పనితనం కాదమ్మగారూ. చొక్కాల బుట్ట చూడండి."

యజమానురాలు ఒక చొక్కా తీసి కాలరును బొటనవేలితో నొక్కి వదిలింది. అది మళ్ళీ లేచి నిలబడింది.

"పదిహేను రోజులు యాభైరెండు మీద చెయ్యి. తర్వాత చూద్దాం."

"చూద్దాం అంటే?"

"చూద్దాం అంటే చూద్దామనే."

పనిలో చేరిన వారంలోపు భృతి ఆఫీసుకు చెప్పాలి. అంటే అరవై అయిదు ఖాయమయ్యేలోపే పన్నెండు వందలు వదులుకోవాలి. అత్త రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది. మాట్లాడకపోయినా బాగుండేదనిపించింది. మడతక్క ఆరో రోజున పొద్దున్నే వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది.

గుమస్తా తల ఎత్తకుండానే అడిగాడు. "తాత్కాలికమా, శాశ్వతమా?"

"తాత్కాలికమైతే?"

"ఆరు నెలల్లో తిరిగొస్తే పాత ఫైలే తెరుస్తాం. శాశ్వతమైతే మళ్ళీ మొదటి నుంచి వరసలో నిలబడాలి. అందరూ పౌరుషంగా శాశ్వతం అని రాసి, నాలుగు నెలలకు ముక్కు చీదుకుంటూ వస్తారు."

"తాత్కాలికం రాయండి."

గుమస్తా అప్పుడు తల ఎత్తాడు. "ఎవరైనా చెప్పి పంపారా?"

"మా కింది అంతస్తులో ఒక పండితుడున్నాడు లెండి," అంది. మానేసేది భృతిని, బుద్ధిని కాదు.

పదిహేను రోజులు ఆమె ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది. పదహారో రోజు యజమానురాలు ఆమె బల్ల పక్కనుంచి రెండుసార్లు వెళ్ళింది. హోటలు గురించి మాట్లాడింది, ఎండ గురించి మాట్లాడింది. రేటు ఊసెత్తలేదు.

పదిహేడో రోజు మడతక్క చెయ్యి మారింది. కాలరు నిలబడటంలో లోటు లేదు, మడతలో వంక లేదు. గంటకు ఏడు చొక్కాలే. మిగతా టైమంతా మడతలు పెట్టేవాళ్ళతో కలిసి తువాళ్ళు మడతపెట్టింది. మధ్యాహ్నానికి ఆమె బల్ల వెనక హోటలు చొక్కాల బుట్టలు గోడలా లేచాయి.

యజమానురాలు వచ్చి నిలబడింది. "ఒంట్లో బాగాలేదా?"

"నిక్షేపంలా ఉందమ్మగారూ."

"మరి ఈ నత్తనడకేంటి?"

"యాభైరెండు మడతల రేటట కదా. అందుకని మడతలు పెడుతున్నా. ఈ కాస్త ఇస్త్రీ నా అభిమానం కొద్దీ."

కళ్ళజోడు ఆమె పెట్టెలోంచి ఆవిరి గట్టిగా వదిలింది, నవ్వు వినబడకుండా.

"రేపటి నుంచి రానక్కర్లేదంటే?"

మడతక్క మనసులోనే లెక్క వేసుకుంది. పాత ఫైలు తెరవడానికి కూడా నెల పడుతుంది, అద్దె పదో తారీఖుకే కట్టాలి. అయినా చొక్కా మీద పెట్టిన చెయ్యి తీయలేదు.

"పొమ్మంటే పోతాను. నాలుగింటికి హోటలు బండొస్తుంది. అందులోకి ఏమెక్కించాలో మీరే చూసుకోండి మరి."

యజమానురాలు బుట్టలు చూసింది, గడియారం చూసింది. మిగతా బల్లల దగ్గరున్నవాళ్ళంతా పనిలో మునిగిపోయినట్టు తలలు వంచుకున్నారు.

"సరే. ఈ రోజు నుంచి అరవై అయిదు."

"నిన్నటి నుంచమ్మగారూ. పదిహేను రోజులు మొన్నటితో అయిపోయాయి."

"నువ్వు నా లాండ్రీకి వచ్చావా, నా ప్రాణానికి వచ్చావా?" అంటూనే హాజరు పుస్తకం తెప్పించి, ఆమె కళ్ళ ముందే రాసింది. నాలుగింటికి బండి నిండుగానే కదిలింది.

ఇంట్లో అత్త మళ్ళీ కణుపులు లెక్కపెట్టింది. బస్సు ఖర్చు, మందులు పోను పద్నాలుగొందల తొంభైయారు.

"భృతీ దొంగ ఇస్త్రీ కలిపి పదమూడొందల యాభై వచ్చేవి. అంటే నూట నలభైయారు ఎక్కువ. ఇంత గొడవ పడి ఇంతేనా?"

"ఇంతే."

"మోకాళ్ళు చూసుకున్నావా, ఎలా వాచాయో?"

"చూసుకున్నా. నిలబడేచోట రబ్బరు చాపలు వెయ్యమని అడగాలి. కళ్ళజోడు ఆమెకీ కాళ్ళు లాగుతున్నాయట."

"అడిగితే వేస్తుందా ఆ మహాతల్లి?"

"ఊరికే అడిగితే వెయ్యదు అత్తా," అంది మడతక్క, కాళ్ళు చాపుకుంటూ. "శనివారం ఆసుపత్రి దుప్పట్లు మూడు బళ్ళు వస్తాయి. అప్పుడడుగుతాం, అందరం."