మైకక్క దీవి ప్రయాణం

ఆవిడకి మైకక్క అని పేరు పెట్టింది మరమగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్ళే. అన్యాయం కాకపోతే, ఆ షెడ్డులో గొంతు పెంచనివాళ్ళు ఎవరున్నారు? మగ్గాలన్నీ మొదలైతే పక్కనున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరవాలి. దూరంగా ఉన్నవాళ్ళతో అదీ కుదరదు. పెదాలు సాగదీసి, చేతులు తిప్పి, చప్పుడు లేకుండా మాట్లాడుకోవాలి. సగం జీవితం అలా గడిచేసరికి ఆవిడ చెవులు మొద్దుబారాయి, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియకుండా పోయింది. రహస్యం చెప్పినా వీధి చివరిదాకా వినిపించేది.

షెడ్డు మూతపడింది. ఒంటరి గదిలో గోడలు చూస్తూ కూర్చున్న మైకక్కకి చెల్లెలు కబురు పెట్టింది. "మా దగ్గరికి వచ్చెయ్యవే అక్కా. ముందు నాలుగు రోజులుండి చూడు. నచ్చితే ఇక్కడే ఉండిపోదువుగాని."

అమ్మానాన్నలు పోయాక ఆ చెల్లెల్ని పెంచింది మైకక్కే. బడి వదలగానే ఆ పిల్ల షెడ్డు కిటికీ అద్దం అవతల వచ్చి నిలబడేది. "ఆకలేస్తోందా? వచ్చేస్తున్నా" అని ఈవిడ మగ్గం దగ్గర్నుంచే పెదాలతో చెప్పేది. చూసి చూసి ఆ పిల్ల షెడ్డు సైగలన్నీ పట్టేసింది. రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టి, దారం తెగింది, మగ్గం ఆపమని చూపిస్తుంటే లోపల అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. అలాంటి చెల్లెలి దగ్గర మిగిలిన బతుకు గడపాలని మైకక్కకి ప్రాణం కొట్టుకుపోయింది. పైకి మాత్రం, అక్కడికేదో తీరిక లేనట్టు, "సరే, చూసొస్తాలే" అంది.

చెల్లెలు ఉండేది ఒక చిన్న దీవిలో. మొగుడు పడవ నడుపుతాడు, ఆమె ఒడ్డున నాలుగు గదులు అద్దెకిస్తుంది. అక్కడికి వచ్చేవాళ్ళు తెల్లటి ఇసక చూడ్డానికి వస్తారు, నిశ్శబ్దం కోసం ఉండిపోతారు. మైకక్కకి ఈ రెండో సంగతి ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు తెల్లారగానే ఆవిడ ఒడ్డుకి నడిచింది. చెప్పులతో తొక్కడానికి మనసొప్పక, విప్పి చేత్తో పట్టుకుంది. ఇసక జల్లించిన పిండిలా ఉంది. ఆనందం పట్టలేక ఇంటివైపు తిరిగి పిలిచింది.

"ఒసేయ్ చెల్లీ! ఇంత తెల్లగా ఉందేంటే ఈ ఇసక! ఎవరైనా ఉతికి ఆరేశారా?"

గదుల తలుపులు టపటపా తెరుచుకున్నాయి. చెట్ల మధ్య తాళ్ళ ఉయ్యాలలో నిద్రపోతున్న పెద్దమనిషి కిందపడ్డాడు. మధ్యాహ్నానికి ఒక జంట సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. చెల్లెలు కోప్పడలేదు. "కొంచెం మెల్లగా అక్కా" అంది, అంతే.

ఆ అంతేకే మైకక్కకి తల కొట్టేసినట్టయింది. మెల్లగా అంటే ఎంతో ఆవిడకి తెలిస్తేగా! కొలత తెలియనప్పుడు నోరు కుట్టేసుకోవడమే మేలనుకుంది. దుప్పట్లు ఉతికింది, గిన్నెలు తోమింది, గదుల్లో చేరిన ఇసక ఊడ్చి మళ్ళీ ఒడ్డునే పోసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అక్కకి ఇక్కడ నచ్చలేదు కాబోలని చెల్లెలు లోపల్లోపల కుమిలిపోయింది. నన్ను ఉండమని అనడం లేదే అని అక్క కుమిలిపోయింది. ఒక్క కడుపున పుట్టినవాళ్ళు మరి, మొండితనం చెరిసగం పంచుకున్నారు.

నాలుగో రోజు పొద్దున్నే మైకక్క సంచీ సర్దుకుంది. చెల్లెలు తల వంచుకుని దారికి రొట్టెలు కట్టిచ్చింది.

"వదినా, జాగ్రత్తగా కూర్చో" అన్నాడు మరిది. ఇంజను మొదలైంది. మగ్గాల షెడ్డు మొత్తం పడవెక్కినంత మోత. వెనక్కి చూడకూడదనుకుంటూనే మైకక్క చూసింది.

తెల్లటి ఇసక మీద చెల్లెలు ఒక్కతే నిలబడి ఉంది. ఉన్నట్టుండి రెండు చేతులూ పైకెత్తి తలపైన అడ్డంగా పెట్టింది. చెల్లెలి పెదాలు సాగి సాగి కదిలాయి. ఒక్క అక్షరం కూడా పొల్లుపోలేదు.

"వెళ్ళకే అక్కా. ఇలాగే మాట్లాడుకుందాం."

మూడు రోజులుగా దిగమింగుకున్న గొంతంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"అబ్బాయ్! మగ్గం ఆపు!"

మరిది బిత్తరపోయి ఇంజను ఆపేశాడు. ఒడ్డున గదుల తలుపులన్నీ మళ్ళీ తెరుచుకున్నాయి. చెల్లెలు అటు తిరిగి కూడా చూడలేదు. చీర తడుస్తున్నా పట్టించుకోకుండా, నవ్వుతూ, పడవకి ఎదురు నడిచొస్తోంది.