మెయ్‌నూత్‌లో విరిగిన పింగాణీ కడ్డీలు

ఉదయం ఏడు గంటలకు కార్క్‌లో డబ్లిన్ రైలెక్కాం, నేనూ లిన్. లిన్ చైనాలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి వచ్చి మా ప్రయోగశాలలో పనిచేస్తున్న పరిశోధకురాలు. ఆమె ఒళ్లో చిన్న పెట్టె. అందులో చిటికెనవేలంత పింగాణీ కడ్డీలు. అరిగిపోయిన తుంటి కీలు తీసేసి కొత్తది పెట్టడానికి బ్రిటన్, చైనా విశ్వవిద్యాలయాలు కలిసి తయారుచేస్తున్న పదార్థమది. బ్రిటన్‌లో చేసినవి త్వరగా విరుగుతున్నాయి, లిన్ చైనాలో చేసినవి విరగడం లేదు. ఆమె అంకెలు మరీ బాగున్నాయని బ్రిటన్ వాళ్లకు అనుమానం. అందుకే రెండు రకాలనూ మూడోచోట, మెయ్‌నూత్‌లో, ఒకే యంత్రం మీద విరగ్గొట్టి చూద్దామన్నారు. అక్కడా తేడాకు కారణం తేలకపోతే రెండు విశ్వవిద్యాలయాల ఒప్పందం ఆగిపోతుంది. లిన్‌ను అబద్ధాలకోరు అన్నట్టే అవుతుంది.

బైబిలు వాక్యం చదువుకునే బయల్దేరాను గానీ మనసు కుదుటపడలేదు.

ఎదుటి సీటులో ఐరిష్ పెద్దావిడ పెట్టెవైపే చూస్తోంది. "అందులో కేకు ఉందా అమ్మాయ్?" అంది. తుంటి కీలు సంగతి చెప్పాను.

"నాకు ఎప్పుడో లోహంది పెట్టేశారు. డాన్సు కూడా చేస్తున్నా, గ్రాండ్! మీరే ఆలస్యం చేశారు."

లిన్ నవ్వింది. మాలో అనే స్టేషన్ దాటాక మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర విప్పాం. "ఎండుమిరపకాయ తీసెయ్యండి, కారం," అన్నాను. "మా ఊళ్లో దీన్ని కారం అనరు," అంటూ కరకర నమిలేసింది.

పది దాటాక డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్‌లో దిగాం. వెళ్లదలచినవారు గుర్తుంచుకోండి: మెయ్‌నూత్ రైలు అక్కడ దొరకదు. కొత్తగా వచ్చిన లువాస్ ట్రాము పట్టుకుని కానలీ స్టేషన్‌కు వెళ్లాలి. దారిపొడవునా క్రేన్లు, కడుతున్న ఇళ్లు. తర్వాత కాలువ పక్కనే రైలు. మెయ్‌నూత్‌లో దైవసేవకులు కాబోయేవారు చదువుకునే రాతి భవనాలు రోడ్డుకు ఒకవైపు, ప్రయోగశాలలు మరోవైపు. క్రైస్తవ సంఘంలో పెరిగిన నాకు అది కన్నులపండుగ.

బ్రిటన్ ప్రొఫెసర్ తన కడ్డీలతో ముందే వచ్చి ఉన్నారు. పరీక్ష మొదలైంది. ఆయనవి టప్పుటప్పున విరిగాయి. లిన్‌వి చాలా ఎక్కువ బరువు మోశాయి.

"ఇంత తేడా ఉండదు. ఎక్కడో ఏదో జరిగింది," అన్నారాయన. ఎక్కడో అంటే చైనాలో అని అందరికీ అర్థమైంది.

లిన్ ముఖం పాలిపోయింది. అయినా ఆయన కడ్డీల్లో మిగిలిన ఒకదాన్ని తీసి అంచు వెంట వేలు పోనిచ్చింది. "అంచులు పదునుగా వదిలేశారు. పగులు ఇక్కడే మొదలవుతోంది. మిగిలినవి నేను నునుపు చేయనా?"

వజ్రపు పొడి అంటించిన కాగితం మీద వాటిని ఒక్కొక్కటిగా, తన సొంతవాటిలాగే ఓపిగ్గా రుద్దింది. నేను లోలోపల ప్రార్థిస్తూ కూర్చున్నాను. మళ్లీ యంత్రంలో పెట్టారు. ఈసారి అవి లిన్ కడ్డీల దరిదాపుల్లో నిలిచాయి.

ప్రొఫెసర్ లేచి నిలబడ్డారు. "తప్పు మాది. మీ అంకెలు నిజం. మీరు మా దగ్గరికి రావాలి, మా విద్యార్థులకు ఇది నేర్పాలి."

"వస్తాను. టీ మీరు పెట్టాలి."

"పాలు పోయనా?"

"పోస్తే రాను."

గదంతా నవ్వులు. ఒప్పందం కొనసాగుతుందని అక్కడే చెప్పేశారు.

సాయంత్రం రైల్లో తిరుగుప్రయాణం. ఐర్లండులో కొండలు, కోటలు, సముద్రతీరాలు చూశాను, అన్నీ అందమైనవే. కానీ తనను శంకించినవారి పనిని సరిదిద్దిన మనిషినీ, అందరిముందూ తప్పు ఒప్పుకున్న మనిషినీ ఒకే గదిలో చూసింది ఆ రోజే. లిన్ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆమె వేళ్ల చివర్లు రాపిడికి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాటిని చూస్తూ, ఆమెకు మెలకువ రాకుండా, మెల్లగా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.