నేను చేతులు లెక్కపెట్టిన గ్రామసభ

ఒక ఊరికి నీళ్ళు లేకుండా చెయ్యాలంటే కరువు రావాలి, లేదంటే చెరువు తెగాలి. ఆ రెండూ లేకుండా ఒక్క పెన్నుతో ఆ పని దాదాపు చేసేసిన మనిషిని చూడాలని మీకు ఉంటే ఇదిగో, నేనే. ఊరి పేరు మాత్రం చెప్పను. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సు మధ్యలో దిగి, రెండు మైళ్ళు లోపలికి నడవాలి. అంతవరకే చెబుతాను. ఆ ఊరి ఆడవాళ్ళు చాలామంది ఇంకా ఉన్నారు, వాళ్ళ జ్ఞాపకశక్తి నాకంటే గట్టిది.

ఎనభైల చివరి మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు, పంచాయతీ కార్యదర్శిగా కొత్త ఉద్యోగం. పుట్టింది పెద్దకొడప్‌గల్ దగ్గరే అయినా, తీర్మానాల పుస్తకం చేతికి వచ్చిన రోజు నుంచి నా నోటికి పుస్తకాల తెలుగు పట్టుకుంది. అంతకుముందు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. అందులో ఒక పెద్దాయన చెప్పిన మాట నా చెవిలో మంత్రంలా మిగిలిపోయింది. "సభలో అందరూ అరుస్తారు. అరుపులు రాసుకోవద్దు. చేతులు లెక్కపెట్టి రాసుకో."

నేను ఉండేది బీడీల వాడలో, లచ్చవ్వ ఇంట్లో. మొగుడు లేడు, ఇద్దరు బిడ్డల పెళ్ళిళ్ళు అయిపోయాయి, కాబట్టి ఆమె తిట్లకు, అన్నానికి మిగిలింది నేనొక్కణ్ణే. ఆ వాడలో ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. తెల్లారితే ఒళ్ళో చాట, చాటలో ఆకు, తంబాకు, దారం. సాయంత్రానికి కార్ఖానాకు వెయ్యి బీడీలు అప్పజెప్పాలి. అందుకని చాట వాళ్ళతోపాటే తిరుగుతుంది. పెళ్ళికి పోయినా చాటే, చావుకు పోయినా చాటే. ఏడుస్తూ కూడా చుడతారు.

వాడకు నీళ్ళు మాత్రం మైలు దూరంలో ఉన్న పొలం బావి నుంచి రావాలి. ఎండాకాలం లచ్చవ్వ మోకాలు పట్టుకుని బిందె దించే పద్ధతి చూస్తే నాకు అన్నం దిగేది కాదు. దిగేది కాదంటే, కొంచెం ఆలస్యంగా దిగేది.

అట్లాంటి ఎండాకాలంలో మండలాఫీసు నుంచి కబురు వచ్చింది. ఊరికి ఒకే ఒక్క బోరింగు. ఎక్కడ వెయ్యాలో గ్రామసభ తేల్చాలి. బోరు బండి గురువారం పొద్దున వస్తుంది, మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి బీబీపేట దారి పడుతుంది. ఆలోపు పని మొదలుకాకపోతే మన బోరింగు అక్కడి వాళ్ళదే.

డప్పు చాటింపు వేయించి, బుధవారం సాయంత్రం నాలుగింటికి బడి ముందు సభ పెట్టాను. అప్పటికే ఊరు రెండుగా చీలి ఉంది. మగవాళ్ళు చావడి ముందర వెయ్యమన్నారు, కూర్చుని పేకాడేది వాళ్ళు అక్కడే కాబట్టి. ఆడవాళ్ళు బీడీల వాడ మొదట్లో వెయ్యమన్నారు, మోసేది వాళ్ళే కాబట్టి. సర్పంచ్ బాల్‌రెడ్డి పటేల్ మంచివాడే. "నాకైతే యాడ ఏసినా సరే. సభ ఏమంటే గదే" అని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

బీడీల వాడ తరఫున హుస్సేన్ బీ మాట్లాడింది. ఆమె గొంతుకు మైకు అవసరం లేదు. ఆమె చేతులు బీడీ చుడుతూనే ఉన్నాయి.

"సార్, రాసుకోండ్రి. చావడి కాడ నీళ్ళు తాగెటోళ్ళు ఎవలు? పత్తాలాడెటోళ్ళు. మా వాడల నలభై ఇండ్లున్నయ్. బిందెడు నీళ్ళకు మైలు పోయి అచ్చేటాళ్ళకు నూరు బీడీలు పాయె. గిది న్యాయమా?"

"కాదు!" అన్నారు ఆడవాళ్ళందరూ ఒక్క గొంతుతో. బడి గోడ మీది కాకి లేచిపోయింది.

నేను అక్కడితో ఆగి ఆ ఒక్క "కాదు" రాసుకుంటే ఈ కథే లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నేను ఊరి నోటినే లెక్కలోకి తీసుకోలేదు, ఇక మంచి ఎక్కడిది? లేచి నిలబడి, గొంతు సవరించుకుని అన్నాను.

"నిశ్శబ్దం! నోటిమాట లెక్కలోకి రాదు. బోరింగు బీడీల వాడలో వెయ్యాలనేవాళ్ళు చేతులెత్తండి."

మీరు బీడీ చుట్టడం ఎప్పుడైనా చూశారో లేదో. ఎడమ చేతిలో ఆకు, ఆకులో తంబాకు, కుడి చేతి వేళ్ళతో చుట్టు. దారం పడేదాకా రెండు చేతులూ దానివే. మధ్యలో వదిలితే ఆకు విచ్చుకుంటుంది, తంబాకంతా ఒళ్ళో రాలుతుంది. అందుకని ఆ అరవై మంది ఆడవాళ్ళు ఏం చేశారంటే, తలలూపారు. గట్టిగా, "ఆఁ" అంటూ. నేను తలలు చూడలేదు. చేతుల కోసం వెతుకుతున్నాను.

లేచినవి మూడు. ఒకటి, చూపు ఆనక బీడీలు మానేసిన ముసలవ్వది. ఒకటి, చెయ్యి కాలి గుడ్డ కట్టుకున్న ఒక కోడలిది. మూడోది ఈగను తోలుకుంటున్న చెయ్యి అని తర్వాత తెలిసింది.

"ఇప్పుడు చావడి అనేవాళ్ళు."

గోడ వెంబడి నిలబడిన మగవాళ్ళ చేతులు టకటకా లేచాయి. ముప్పై ఎనిమిది. చాలా చేతుల్లో బీడీ వెలుగుతోంది. చేసేవాళ్ళకు రెండు చేతులూ కావాలి, తాగేవాళ్ళకు ఒకటి చాలు. ప్రజాస్వామ్యంలోని ఈ రహస్యం నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: చావడికి ముప్పై ఎనిమిది, బీడీల వాడకు మూడు. పటేల్ ఒక కన్ను తెరిచి సంతకం పెట్టి మళ్ళీ మూశాడు.

హుస్సేన్ బీ దారం కొసను పళ్ళతో తెంపి అడిగింది. "అయిపాయెనా సార్? మాదే గదా?"

"కాదమ్మా. చావడిది."

"గట్లెట్ల? మేమందరం ఆఁ అంటిమి గదా!"

"అన్నారు. కానీ చేతులెత్తలేదు."

ఆమె తన చేతుల వంక చూసుకుంది. పక్కామె తన చేతుల వంక చూసుకుంది. అట్లా వరుసగా అరవై మంది తమ చేతులు చూసుకుని, తర్వాత నా వంక చూశారు. చాటలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

పొద్దు గూకేవేళకు ఇంటికి వెళ్ళి, కాళ్ళు కడుక్కోవడానికి చూస్తే నీళ్ళు లేవు. లోపలికి వెళ్ళి పీట మీద కూర్చున్నాను.

"అవ్వా, అన్నం పెడతావా?"

లచ్చవ్వ బీడీల కట్టలు కడుతూ తల ఎత్తలేదు. "ఏమో బిడ్డా. చెయ్యి లేపినవా? నాకు కానరాలే."

"అవ్వా, ఆకలైతున్నదే!" పుస్తకాల తెలుగు ఆకలికి మొదటే పారిపోయింది.

"నోటి మాట లెక్కలకు రాదు గదా కొడుకా."

సిగ్గు విడిచి చెయ్యి ఎత్తాను. ఆమె తీరిగ్గా చూసి, "ఒక్కటే లేషింది. మెజార్టి లేదు" అంది. ఆ తర్వాత పెట్టింది, పెట్టకుండా ఉండే మనిషి కాదు. పప్పులో ఉప్పు మాత్రం వెయ్యలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మనకొక సామెత ఉంది. నా విషయంలో ఆకులు పట్టుకున్న చేతులే నన్ను కాల్చాయి.

గురువారం పొద్దున బోరు బండి ధూళి లేపుకుంటూ వచ్చింది. చావడి ముందర నేను సున్నంతో వేయించిన గుర్తు కనబడలేదు. గుర్తు మీద హుస్సేన్ బీ కూర్చుని ఉంది. ఆమె చుట్టూ బీడీల వాడ మొత్తం, ఒళ్ళో చాటలతో. ముందు వరుసలో లచ్చవ్వ. అందరూ చుడుతున్నారు. ఒక్కరూ తల ఎత్తి బండిని చూడలేదు.

బోరు మేస్త్రి ఎక్కడో దక్షిణం నుంచి వచ్చినవాడు. ఇంజను ఆపకుండానే బండి దిగి గడియారం చూపించాడు. "సార్, పది దాటింది. పన్నెండుకు నేను కదలాలి. ఎక్కడ వెయ్యాలి?"

"అక్కడ" అని హుస్సేన్ బీ కూర్చున్న చోటు చూపించాను.

"ఆ అమ్మగారి మీదా?"

చావడి అరుగు మీద మగవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. ఒకతను లేచి, "ఏయ్, లేవుండ్రి! సభ ఒప్పుకున్నది గదా!" అన్నాడు. హుస్సేన్ బీ అతని వంక కూడా చూడలేదు. "సభ ఒప్పుకుంటె సభనే అచ్చి లేపుమను" అంది. ఇంకో ఇద్దరు అరుగు దిగారు. ఆడవాళ్ళు మరింత దగ్గరికి జరిగి కూర్చున్నారు. ఇంజను పక్కన దడదడమంటూనే ఉంది.

పటేల్ నన్ను పక్కకు లాగాడు. ఇప్పుడు ఆయన రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. "సారూ, ఎల్లారెడ్డి ఠాణాకు కబురు పెడుదామా? లేకుంటె కొట్టుకునేటట్టున్నరు. ముడి ఏసింది నువ్వు, ఇప్పేది సుత నువ్వే."

ఠాణా అన్న మాట వినగానే నేను లచ్చవ్వ వంక చూశాను. మోకాలు చాపుకుని కూర్చుంది. పోలీసులు వస్తే మొదట లేపేది ముందు వరుసనే. ఆ మోకాలు తొందరగా లేవదు. నాకు నిజంగా సిగ్గేసింది. పెట్టిన అన్నం తిని, ఆమె తెచ్చిన నీళ్ళతో స్నానం చేసి, ఆమె మాట లెక్కలోకి రాదని పుస్తకంలో రాసింది నేనే. ఆ పుస్తకం అప్పుడు కూడా నా చంకలోనే ఉంది.

"పటేలా, సభ మళ్ళ పెడుత" అన్నాను.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఊరంత గీడనే ఉన్నది గదా."

పదకొండు దాటింది. ఇంజను చప్పుడు మీద అరిచాను. "అందరు వినుండ్రి! నిన్నటి తీర్మానం మీద మళ్ళ సభ! అమ్మా, బీడీల వాడ అనెటోళ్ళు చేతులు..."

"లేపం" అంది హుస్సేన్ బీ. "సార్, నిన్న లేపలేదని మాకు గీ గతి వట్టె. ఇయ్యాల లేపుతె వెయ్యి బీడీలు ఎవలు చేస్తరు, నువ్వు చేస్తవా? మా చేతులు మీ లెక్కల కోసం లేవు."

మేస్త్రి మళ్ళీ గడియారం చూపించాడు. పటేల్ నా వంక చూశాడు. శిక్షణలో విన్నదంతా వెతుక్కున్నాను, ఒక్క ముక్క పనికి రాలేదు. అప్పుడు నా నోట్లోంచి ఏ పుస్తకంలోనూ లేని మాట ఒకటి వచ్చింది.

"లేపకుండ్రి అమ్మా. బోరింగు బీడీల వాడల గావాలనెటోళ్ళు... చేతులు ఆపుండ్రి."

హుస్సేన్ బీ చేతులు ఆగాయి. లచ్చవ్వ చేతులు ఆగాయి. వెనక ఎవరో ఆకు కత్తిరిస్తున్న కత్తెర ఆగింది, ఇంకో కత్తెర ఆగింది. పెళ్ళిలో ఆగని చేతులు, ఏడుస్తూ కూడా ఆగని చేతులు అన్నీ చాటల మీద కదలకుండా ఉన్నాయి. ఏమైందోనని మేస్త్రి ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో నేను ఒక్కొక్కరి దగ్గరికి నడిచి, వంగి, లెక్కపెట్టాను. అరవై మూడు. ఈసారి ఈగలు లేవు.

"చావడి అనెటోళ్ళు?"

మగవాళ్ళు తమ భార్యల ఆగిపోయిన చేతులు చూశారు. ఆ చేతులు ఎంతసేపు ఆగితే సాయంత్రం ఇంట్లో అంత గొడవ అని వాళ్ళకు లెక్క తెలుసు. ముట్టించిన బీడీలు మెల్లగా వీపుల వెనక్కి పోయాయి. లేచింది ఒక్క చెయ్యి. నేను వెంటనే రాసుకున్నాను: ఒకటి.

తల ఎత్తి చూస్తే ఆ చెయ్యి మేస్త్రిది. "సార్, ఇప్పుడు బండి ఎటు తిప్పాలి?" అని అడుగుతున్నాడు. తీర్మానాల పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదని నియమం. అందుకని ఈనాటికీ ఆ ఊరి పుస్తకంలో, బీడీల వాడ బోరింగుకు అడ్డుపడిన ఒకే ఒక్క మనిషి, ఆ ఊళ్ళో ఓటే లేని మేస్త్రి.

పదకొండున్నరకు బీడీల వాడ మొదట్లో బోరు దిగడం మొదలైంది. గంటన్నర సేపు తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నీళ్ళు పడకపోతే బస్సెక్కి పారిపోవాలని సంచి ఎక్కడుందో కూడా గుర్తు చేసుకున్నాను. తర్వాత దుమ్ము ఎర్రబడింది, తడిసింది, ఒక్కసారిగా బురద నీళ్ళు ఎగజిమ్మి నా తెల్ల చొక్కాను నిలువునా ముంచాయి. లచ్చవ్వ నవ్వడం అంత దగ్గర్నుంచి నేను ఎప్పుడూ చూడలేదు.

వారానికి పంపు బిగించారు. ఆ రోజు వాడంతా కలిసి కోళ్ళు కోసి కూర వండింది. మసాలా వాసన బడిదాకా వచ్చింది. హుస్సేన్ బీ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. "సార్, ముందుగాల మీరే కొట్టాలె." నేను గర్వంగా పంపు పిడి పట్టుకున్నాను. కింద లచ్చవ్వ బిందె, దాని వెనక వాడ మొత్తం బిందెలు వరుసకట్టి ఉన్నాయి. నాలుగో బిందెకే భుజాలు పట్టేశాయి. ఆపుదామంటే వెనకనుంచి ఇంకో బిందె జరుగుతుంది.

అప్పుడు అరుగు మీద కూర గిన్నె పక్కన నిలబడి, గంటె పైకెత్తి, హుస్సేన్ బీ అరిచింది.

"నిశ్శబ్దం! కోడికూర గావాలనెటోళ్ళు చేతులు లేపుండ్రి!"

ఊరంతా చేతులెత్తింది. పటేల్ ఎత్తాడు. చావడి మగవాళ్ళు ఎత్తారు. నా రెండు చేతులూ పంపు పిడి మీద ఉన్నాయి. వదిలితే ధార ఆగుతుంది, వరుస నన్ను తినేస్తుంది.

"నాకూ గావాలె! అవ్వా, నాకూ!" అని మొత్తుకున్నాను.

లచ్చవ్వ నిండిన బిందె తీసి, ఖాళీ బిందె పెట్టి, నా వంక జాలిగా చూసింది.

"నోటి మాట లెక్కలకు రాదు కొడుకా. కొట్టు, కొట్టు."

కాబట్టి, ఆ రోజు నాకు మిగిలిన రెండు మెడ ముక్కల సాక్షిగా నేను పెట్టుకున్న ఒట్టు ఇది. అవతలి మనిషి చేతుల్లో ఏముందో చూడకుండా ఈ జన్మలో ఎవరినీ చెయ్యెత్తమని అడగను. ఇంట్లో కూడా అంతే. మా ఆవిడ రోట్లో పచ్చడి నూరుతున్నంతసేపు నేను ఏ తీర్మానమూ ప్రవేశపెట్టను. ఆమె చేతిలో రోకలి ఉన్నప్పుడైతే అసలు సభే పెట్టను.