చుక్కాని సీటు

హెబ్రోను ఆ ఓడను మాకోసం కట్టాడా, తన కళ్ళకోసం కట్టుకున్నాడా? అది జరిగి అరవై ఏళ్ళు దాటినా నాకు తెలియదు. రెండింటికీ సాక్ష్యం ఉంది. ఒకటి నిజమనుకుని పడుకుంటే తెల్లారేసరికి రెండోది నిజమనిపిస్తుంది.

తెలిసిన సంగతి ముందు చెబుతాను. హెబ్రోను నెల్లూరు నుంచి గూడూరుకు పోయే బస్సు డ్రైవరు. పొద్దుగూకితే ఆయనకు కళ్ళు కనిపించేవి కావు. రేచీకటి. అది బయటపడిన రోజున స్టీరింగు చేతిలోంచి పోతుంది. బయటపడకపోతే ఏదో ఒక సాయంత్రం ఎవరి ప్రాణమో పోతుంది. ఆ రెంటి మధ్యనే ఆయన నాలుగేళ్ళపైన బస్సు తోలాడు. నాకు ఆ సంగతి చివరి వారంలోగాని తెలియలేదు.

నేను అప్పుడు నెల్లూరులో ఆడపిల్లల బడిలో టీచరును. మా ఊరు మనుబోలు. పొద్దున ఏ బస్సు దొరికితే అది ఎక్కేదాన్ని. సాయంత్రం మాత్రం హెబ్రోను బస్సే. ఇంజను మూతకు ఎడమపక్కన ఒక్క మనిషికి సరిపోయే సీటు ఉండేది. వేడికి అక్కడ ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నాకు అదే ఇష్టం. ముందు అద్దంలోంచి వెలుగు పడుతుంది, చీకటి పడేదాకా చదువుకోవచ్చు.

ఆయన బక్కపల్చటి మనిషి. ఎంత ఉక్కపోతలోనైనా ఖాకీ చొక్కాకు మెడదాకా గుండీలు పెట్టుకునేవాడు. పుట్టింది బోగోలు. తండ్రి సమాధానం అక్కడి చర్చిలో గంట కొట్టేవాడు. కొడుకు పదిహేనో ఏట లారీ క్లీనరుగా చేరి, తోలడం నేర్చుకుని, నెల్లూరులో కాపురం పెట్టాడు. ఇంట్లో భార్య జయశీల, చదువుకునే ఇద్దరు ఆడపిల్లలు. తోలడం తప్ప తనకు ఇంకొక పని రాదని నవ్వుతూ చెప్పుకునేవాడు.

నేను ఏం చదువుతున్నానో రోజూ అడిగేవాడు. ఒక రోజు వారపత్రికలో చుక్కల మధ్య తిరిగే ఓడ కథ చదువుతున్నానని చెప్పాను. అందరూ అడిగేలాంటివి అడగలేదు. దానికి బ్రేకు ఎట్టా వేస్తారు, మలుపులుంటాయా అని అడిగాడు. గేరు మార్చి, "దోవంతా చీకటేనా టీచరమ్మా? పొద్దు పుట్టనే పుట్టదా?" అన్నాడు.

పుట్టదన్నాను.

"మరి ఎట్టా తోలతారు?"

కథలో ఉన్నదే చెప్పాను. తోలేవాడి పక్కన ఒక మనిషి కూర్చుని చుక్కలు చూసి చెబుతుంటాడని.

ఆ ఏడే రష్యావాళ్ళు ఆకాశంలోకి కొత్త చంద్రుణ్ణి ఎగరేశారు. అది కనిపిస్తుందని ఎవరో చెబితే ఒక సాయంత్రం వెంకటాచలం దగ్గర బస్సు ఆపి అందరం దిగాం. కండక్టరు మాల్యాద్రి ముందుగా చూసి చెయ్యి చాపాడు. ఒక చుక్క మిగతా చుక్కల మధ్య నింపాదిగా నడిచిపోతూ ఉంది. అందరం అదిగో అదిగో అంటుంటే హెబ్రోను కూడా తల ఎత్తి, "ఆ, కనపడింది" అన్నాడు. ఆయన ముఖం తూర్పున సముద్రం పక్కకు తిరిగి ఉంది. చుక్క పోతున్నది పడమరన. అది నాకు గుర్తుంది. అప్పుడు దాన్ని గురించి ఏమీ అనుకోలేదు.

మర్నాటి నుంచి బస్సు ఓడయింది.

నెల్లూరు భూమి. వెంకటాచలం చంద్రుడు. మా మనుబోలు అంగారకుడు. గూడూరుకు పేరు పెట్టలేదు, అక్కడ దిగినవాళ్ళు మళ్ళీ కనపడితే అప్పుడు చూద్దామన్నాడు. నా సీటు చుక్కాని సీటు. "చుక్కలు చూసి చెప్పేవాళ్ళే ఓడకు చుక్కాని" అనేవాడు. ఎదురుగా లాంతరు కనిపిస్తే చుక్క. లారీ వెనక ఎర్రదీపం తోకచుక్క. దీపం లేని బండి, రోడ్డు మీద పడుకున్న గేదె, రాశిపోసిన కంకర, ఇవన్నీ రాహువులు. రాహువును ముందుగా చెప్పినవాళ్ళకు ఒక వరం. వాళ్ళ సందు దగ్గరే బస్సు ఆగుతుంది.

దాంతో బస్సంతా కళ్ళయింది. నలభై ఏళ్ళ సంసారులు సీట్లలోంచి లేచి, ఎడమన చుక్క, కుడిన రాహువు అని కేకలు పెట్టేవాళ్ళు. ముందు బస్సు ఉన్నా దాన్ని వదిలేసి ఓడకోసం నిలబడేవాళ్ళు. ఎండుచేపల గంపతో రోజూ ఎక్కే మస్తానమ్మ ఒక్కతే వెటకారం చేసేది. "ఎద్దులబండి దాటిపోతుండాది, ఇదేం ఓడ హెబ్రోనూ" అనేది. గ్రహాల నడుమ గుట్టుగా పోవాల అక్కా అని మాల్యాద్రి జవాబు చెప్పేవాడు.

పొద్దు ఆలస్యంగా గూకే వేసవిలో ఓడ ఉండేది కాదు. ఏమన్నా అంటే, పగలు చుక్కలుంటాయా అనేవాడు. ఆ మాటకు ఎదురేముంది?

ముహూర్తాలు చెప్పే పద్మనాభయ్య గారు వెంకటాచలంలో ఎక్కేవారు. గ్రహాలతో వేళాకోళం ఆయనకు గిట్టేది కాదు. ఎవరో రాహువని అరిస్తే, ఇవాళ ఆ వేళ పొద్దున్నే అయిపోయింది, ఇంక మళ్ళీ ఎక్కడిదయ్యా అని ఒకసారి తగులుకున్నారు. "గేదెలకు పంచాంగం తెలవదు అయ్యవారూ" అన్నాడు హెబ్రోను. ఆయనకూ నవ్వు వచ్చింది. అయినా రాహువు పేరు మాత్రం తన నోటితో అనేవారు కాదు.

నాలుగేళ్ళు ఇలా గడిచాయి.

అరవై రెండో సంవత్సరం మొదట్లో మా బడిలో ఒక పిల్లకు రేచీకటి వచ్చింది. ఆ సాయంత్రం మాటల్లో మాటగా హెబ్రోనుకు చెప్పాను. చీకటిపడితే ఆ పిల్ల తన జబ్బు ఎవరికీ తెలియకుండా ఎదుటివాళ్ళనే ఎవరది, ఏముందక్కడ అని ఆటలాగా అడుగుతుందట, అలా ఇంట్లోవాళ్ళను ఏడాది మభ్యపెట్టిందట అన్నాను.

బస్సు నెమ్మదించింది. నాకు వెంకటాచలం గుర్తొచ్చింది, సముద్రం పక్కకు తిరిగిన ముఖం.

మర్నాడు నెల్లూరులో జనం ఇంకా ఎక్కకముందు ఆయనే అడిగాడు.

"ఆ పిల్లకు ఏం మందిచ్చినారు టీచరమ్మా?"

"కార్జం, అవిసాకు, చేపనూనె."

"నయమైందా?"

"అవుతోంది."

"నాకు కాలేదు" అన్నాడు.

అంతా చెప్పాడు. అవన్నీ తిన్నాడు. మద్రాసులో డాక్టరు చూసి, ఇది తిండివల్ల వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది, ఇంకా ముదురుతుందని చెప్పాడట. పగటి బండి ఇమ్మని యజమానిని అడిగితే కారణం చెప్పమన్నాడు. కారణం చెబితే పగటిది కూడా దక్కదు.

"నేను రాని రోజున రాహువును ఎవరు చెబుతారు డ్రైవరన్నా?" అన్నాను.

ఆయన స్టీరింగు మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. ఆదివారం లోపల యజమానికి నువ్వే చెప్పు, లేకుంటే నేను చెబుతానన్నాను. ఆదివారం చర్చి అయినాక పోతానన్నాడు. ఆ మిగిలిన రోజులు నేను పుస్తకం తెరవలేదు. రోడ్డునే చూస్తూ కూర్చున్నాను.

ఆ శనివారమే అష్టగ్రహాలు ఒకచోట చేరిన రోజు. లోకం మునుగుతుందని ఊరూరా హోమాలు, భజనలు. ఎక్కడెక్కడివాళ్ళూ, పోతే అందరం ఒకచోటే పోదామని ఇళ్ళకు బయలుదేరారు. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. "లోకం మునిగితే ఈ ఓడలోనే పోదాంలే, టిక్కెట్టు కొట్టబాకు మాల్యాద్రా" అంది మస్తానమ్మ. జనం నవ్వారు. ఆ నవ్వులో భయం కూడా ఉంది.

వెంకటాచలంలో పద్మనాభయ్య గారు ఎక్కారు. రోజంతా ఉపవాసమట, నిలబడలేకపోతున్నారు. నేను లేచి చుక్కాని సీటు ఇచ్చాను. ఆయన వెనకే, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. జనం ఒత్తిడిలో ఎవరి భుజమో అడ్డమొచ్చి రోడ్డు సగమే కనిపించింది.

చీకటి కమ్ముకుంది. బస్సు దీపాల పచ్చటి వెలుగు నాలుగు బారల దూరం కూడా పోవడంలేదు. వెనక ఎవరో భజన ఎత్తుకున్నారు. ముందు ఏముందో పద్మనాభయ్య గారే చూశారు. చూసి కూడా, అలాంటి రోజున ఆ పేరు నోట పలకలేక, పాము పేరెత్తకుండా పురుగన్నట్టు, "అదిగోనయ్యా, ఆయన" అన్నారు.

"ఎవరు అయ్యవారూ?" అన్నాడు హెబ్రోను. బస్సు నడుస్తూనే ఉంది.

"ఆయనేనయ్యా, పేరు చెప్పరాదు."

నేను అడ్డమున్న భుజాన్ని తోసి చూశాను. "రాహువు" అని అరిచాను. ఎదురుగా అని కూడా అన్నానో లేదో తెలియదు.

బ్రేకు పడింది. నిలబడ్డవాళ్ళందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. లేచి చూస్తే ముందు అద్దమంతా వరిగడ్డి. గడ్డిబండి ఒకటి, ఎద్దులు విప్పి, దీపం లేకుండా మాకు ఎదురుగా నిలిచి ఉంది. గడ్డి అద్దాన్ని తాకుతూ ఉంది. బండి కింద ఇరుసు చీల సరిచేస్తున్న చిన్నపోలయ్య అనే మనిషి పాకుకుంటూ బయటికి వచ్చి, "ఎదర చూసుకోబళ్ళేదా అన్నా?" అన్నాడు కోపం కూడా లేకుండా.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సంగతి తెలియగానే బస్సులో పెద్దగా నవ్వులు. రాహువు ఓడను మింగబోయి గడ్డి మేశాడని ఎవరో అన్నారు. నేను చెబుతూనే ఉన్నానుగదా అన్నారు పద్మనాభయ్య గారు.

హెబ్రోను ఇంజను ఆపాడు. దిగాడు. చెయ్యి చాపి గడ్డిని తడిమాడు, తర్వాత చక్రాన్ని, తర్వాత చిన్నపోలయ్య తలను, భుజాలను. అతను ఏందన్నా ఇది అంటూనే నిలబడ్డాడు. బస్సులో నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

హెబ్రోను మా వైపు తిరిగాడు. "పొద్దుగూకితే నాకు ఏమీ కనపడదు" అన్నాడు. "ఇన్నాళ్ళూ మీ కళ్ళతోనే తోలినా."

మస్తానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చాలాకాలం తర్వాత మాల్యాద్రి నాకొక మాట చెప్పాడు. మధ్యాహ్నంపూట, ఎర్రటి ఎండలో, ఖాళీ బస్సు గూడూరు నుంచి తెచ్చేటప్పుడు కూడా హెబ్రోను తనలో తాను, ఎడమన చుక్క, కుడిన తోకచుక్క అనుకుంటూ తోలేవాడట. పగలు ఆయనకు మనందరిలాగే కనిపించేది. మరి ఆ ఓడ ఎవరికోసం?

ఆ శనివారం సాయంత్రం హెబ్రోను తాళంచెవి మాల్యాద్రి చేతిలో పెట్టాడు. మాల్యాద్రికి లైసెన్సు ఉంది, బండికోసం ఎదురుచూస్తున్నాడు. ఇలా వస్తుందనుకోలేదేమో, తీసుకున్న చెయ్యి అలాగే చాపి ఉంచాడు. హెబ్రోను సీటు కింద ఉండే లాంతరు తెమ్మని అడిగి, తడుముకుంటూ తానే వెలిగించి, గడ్డిబండి వెనక కట్టాడు. బండి నెల్లూరు పోయేది. చిన్నపోలయ్య ఎద్దులు కట్టి, బండిని బస్సు పక్కగా దాటించి ఆపి, రా అన్నా అన్నాడు. హెబ్రోను వెనక కొయ్య మీద, లాంతరు పక్కన, కాళ్ళు వేలాడేసి మా వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

నేను కిటికీలోంచి డ్రైవరన్నా అని పిలిచాను. తల ఎత్తాడు, నేను లేని వైపుకు.

పోయేవాళ్ళు ఎవరైనా వస్తానని చెప్పి పోతారు. ఆయన చెప్పలేదు. బండి కదిలింది. కాసేపు లాంతరు వెలుగులో ఖాకీ చొక్కా, మెడదాకా పెట్టిన గుండీలు కనిపించాయి. తర్వాత మనిషి కనిపించలేదు, లాంతరే కనిపించింది.